రసాయన బంధాల గుట్టు విప్పిన గిల్బర్ట్ లూయిస్

షోలాపూర్ విడీ ఘర్కుల్ వీధులలో సాయంకాలం నడిచేవారికి రెండు దృశ్యాలు తప్పక కనిపిస్తాయి. గడపల ముందు చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టే తల్లులు, వారి పక్కనే పుస్తకం తెరచి పాఠం వల్లె వేసే పిల్లలు. పరీక్షల కాలంలో రసాయన బంధాల పాఠం మాటిమాటికీ చెవిన పడుతుంది. ఇంట తెలుగు, బడిలో మరాఠీ అయిన ఈ పిల్లలు ఆయనిక బంధ, సహసంయుజ బంధ అని చదువుతారు. తెలంగాణలోని వారి మేనమామల పిల్లలు అదే పాఠాన్ని అయానిక బంధం, సమయోజనీయ బంధం అని చదువుతారు. భాష ఏదైనా పుస్తకంలోని పట్టిక ఒక్కటే. ఎడమ గడిలో ఒక బంధం గుణాలు, కుడి గడిలో రెండవదాని గుణాలు, నడుమ ఒక నిలువు గీత.

ఆ రెండు గడులలో ఉన్నదాన్ని ఒకే ఆలోచనతో వివరించిన మహనీయుడు గిల్బర్ట్ న్యూటన్ లూయిస్. విచిత్రమేమంటే, నడుమ ఉన్న నిలువు గీత పిల్లలు అనుకునేంత గట్టిదని ఆయన ఎన్నడూ భావించలేదు. పరమాణువు చుట్టూ చుక్కలు పెట్టి ఎలక్ట్రాన్లను చూపే పద్ధతి ప్రపంచమంతటా బడిపిల్లలకు తెలుసు. ఆ చుక్కలు పెట్టిన మనిషి జీవితం మాత్రం తెలిసినవారు తక్కువ.

బాల్యం, విద్యాభ్యాసం

లూయిస్ 1875 అక్టోబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వేమత్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి న్యాయవాది. మూడేళ్ల వయసుకే బాలుడికి చదవడం వచ్చింది. 1884లో కుటుంబం నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ పట్టణానికి తరలిపోయింది. తొలి చదువు చాలావరకు ఇంట్లోనే తల్లిదండ్రుల వద్ద సాగింది. 1889లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి అనుబంధమైన పాఠశాలలో చేరడమే ఆయనకు మొదటి బడి. ఆ విశ్వవిద్యాలయంలోనే రెండేళ్లు చదివి, 1893లో హార్వర్డ్‌కు మారి, 1896లో పట్టా పుచ్చుకున్నారు.

పట్టా రాగానే ఆయన చేసిన పని ఉపాధ్యాయ వృత్తి. ఒక ఏడాది ఆండోవర్‌లోని ఫిలిప్స్ అకాడమీలో పిల్లలకు పాఠాలు చెప్పారు. తిరిగి హార్వర్డ్‌కు వచ్చి, థియోడోర్ రిచర్డ్స్ పర్యవేక్షణలో 1899లో డాక్టరేటు పొందారు. ఈ రిచర్డ్స్ తరువాత 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకున్న రసాయన శాస్త్రజ్ఞుడు. పిమ్మట లూయిస్ జర్మనీ వెళ్లి, లైప్‌జిగ్‌లో ఓస్ట్‌వాల్డ్ వద్ద, గోట్టింగెన్‌లో నెర్న్‌స్ట్ వద్ద కొంతకాలం గడిపి, మళ్లీ హార్వర్డ్‌లోనే అధ్యాపకుడిగా చేరారు.

విద్యార్థుల కోసం గీసిన ఘనం

ఆ రోజులలో రసాయన శాస్త్రంలో ఒక పెద్ద చిక్కు ఉండేది. కర్బన సమ్మేళనాలను చిత్రించేటప్పుడు శాస్త్రజ్ఞులు పరమాణువుకు, పరమాణువుకు నడుమ ఒక చిన్న గీత గీసేవారు. ఆ గీతలతో లెక్కలు చక్కగా కుదిరేవి, కొత్త పదార్థాలు కూడా తయారయ్యేవి. కాని ఆ గీత అంటే నిజంగా ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్న తరువాత, సమాధానం ఎలక్ట్రాన్‌లోనే ఉంటుందని కొందరికి తోచింది. ఎలా ఉంటుందో మాత్రం తెలియలేదు.

1902లో లూయిస్ తన విద్యార్థులకు మూలకాల ఆవర్తన పట్టిక పాఠం చెప్పవలసివచ్చింది. పాఠం సుబోధకంగా ఉండడానికి ఆయన కాగితం మీద ఘనాలు గీశారు. ఘనం అంటే పాచిక ఆకారం, దానికి ఎనిమిది మూలలు. పరమాణువు వెలుపలి వరుసలోని ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటి ఒక్కొక్క మూలలో కూర్చుంటాయని ఊహించారు. సోడియానికి ఒక్క మూల నిండి ఉంటుంది, క్లోరిన్‌కు ఏడు మూలలు నిండి ఉంటాయి. నియాన్, ఆర్గాన్ వంటి జడ వాయువులకు ఎనిమిదీ నిండి ఉంటాయి కనుకనే అవి ఎవరితోనూ కలవవు. మిగిలిన మూలకాలన్నీ ఆ నిండుదనం కోసమే పాటుపడతాయి. నేడు పుస్తకాలలో అష్టక నియమం అని చదువుకునే దానికి బీజం తరగతి గది కోసం వేసిన ఈ బొమ్మలోనే ఉంది.

ఆ బొమ్మలతో ఉప్పు సంగతి సులభంగా తేలింది. సోడియం తన ఒక్క ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చివేస్తే ఇద్దరికీ నిండుదనం వస్తుంది. కాని రెండు హైడ్రోజన్ పరమాణువులు ఎందుకు కలుస్తాయి? రెండూ సమానమే. ఒకటి ఇచ్చేదీ, మరొకటి పుచ్చుకునేదీ ఎలా అవుతుంది? అప్పటికి లూయిస్ వద్ద జవాబు లేదు. ఆయన ఆ కాగితాలను ప్రచురించలేదు. అవి పద్నాలుగేళ్లు అలాగే ఉండిపోయాయి.

1904లో ఆయన హార్వర్డ్ విడిచి, అప్పట్లో అమెరికా పాలనలో ఉన్న ఫిలిప్పీన్స్‌కు వెళ్లి, మనీలాలో తూనికలు, కొలతల పర్యవేక్షకుడిగా పనిచేశారు. అక్కడ అలవాటైన ఫిలిప్పీన్స్ చుట్టలు జీవితాంతం ఆయనను వీడలేదు. ఏడాది తిరగగానే అమెరికా చేరి, 1905 నుండి ఏడేళ్లు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఉష్ణగతిక శాస్త్రంలో కృషి చేశారు. 1912లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలోని రసాయన కళాశాలకు డీన్‌గా ఆహ్వానించింది. మేరీ షెల్డన్‌తో వివాహం జరిగింది కూడా ఆ సంవత్సరమే. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. ఆయన మిగిలిన జీవితమంతా బర్కిలీలోనే గడిచింది.

ఇవ్వడం వేరు, పంచుకోవడం వేరు

1916లో లూయిస్ తన పాత ఘనాలను మళ్లీ చేతిలోకి తీసుకుని, పరమాణువు, అణువు అన్న శీర్షికతో అమెరికన్ రసాయన సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. పద్నాలుగేళ్ల చిక్కుకు ఆయన చెప్పిన పరిష్కారం వినడానికి చాలా చిన్నది. రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ల జంటను ఉమ్మడిగా ఉంచుకోవచ్చు. ఆ జంట ఇద్దరి లెక్కలోనూ చేరుతుంది. రసాయనజ్ఞులు అర్ధశతాబ్దంగా గీస్తున్న ఆ చిన్న గీతకు అర్థం రెండు ఎలక్ట్రాన్లు. గీత ఉన్నచోట ఆయన రెండు చుక్కలు పెట్టారు.

అదే సంవత్సరం జర్మనీలో వాల్తర్ కోసెల్ అనే శాస్త్రజ్ఞుడు, ఎలక్ట్రాన్ పూర్తిగా ఒకరి నుండి మరొకరికి బదిలీ అయ్యే బంధాన్ని విపులంగా వివరించారు. అంతకు మూడేళ్ల ముందు, 1913లో, ఇంగ్లండులోని బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్‌కిరణాలతో ఉప్పు స్ఫటికాన్ని పరిశీలించి అందులోని అమరికను తేల్చారు. ఈ ముగ్గురి కృషీ కలిస్తేనే మన పట్టికలోని ఎడమ గడి పూర్తవుతుంది.

ఆ తేడాలను వంటింటి వస్తువులతోనే చూడవచ్చు. ఉప్పు అయానిక పదార్థం. సోడియం ఎలక్ట్రాన్‌ను కోల్పోయి ధనావేశం పొందుతుంది, క్లోరిన్ దానిని గ్రహించి రుణావేశం పొందుతుంది. ఇలా ఆవేశం పొందిన పరమాణువునే అయాన్ అంటారు. వ్యతిరేక ఆవేశాలు ఆకర్షించుకుంటాయి. ఉప్పు కల్లులో ఒక సోడియం, ఒక క్లోరిన్ జంటగా విడిగా ఉండవు. ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ అయాన్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు బారులు తీరి ఉంటాయి. ఊరంతా ఒకే కుటుంబమైనట్లు, కల్లంతా ఒకే కట్టడం. ఆ కట్టు సడలాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందుకే పెనం మీద ఉప్పు చిటపటలాడుతుందే కాని కరగదు. సుత్తితో కొడితే మాత్రం పగులుతుంది. దెబ్బకు వరుస జరిగి ధనావేశం ఎదుటికి ధనావేశం, రుణావేశం ఎదుటికి రుణావేశం వచ్చి ఒకదానినొకటి నెట్టివేయడమే దానికి కారణం.

చక్కెర, కర్పూరం, మైనం సమయోజనీయ పదార్థాలు. వీటిలోని పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని విడివిడి అణువులుగా ఏర్పడతాయి. అణువు లోపలి బంధం గట్టిదే. కాని అణువుకు, అణువుకు నడుమ ఉన్న ఆకర్షణ చాలా స్వల్పం. అందుకే కర్పూరం తెరచి ఉంచితే గాలిలో కలిసిపోతుంది, మైనం కొద్దిపాటి వేడికే కరుగుతుంది. మైనం కరిగినప్పుడు అణువులు ఒకదాని నుండి మరొకటి విడిపోతాయే కాని అణువు విరగదు. ఇక్కడే పిల్లలు పొరపడతారు. మైనం త్వరగా కరుగుతుంది కనుక సమయోజనీయ బంధం బలహీనమైనదని రాస్తారు. అది తప్పు. వజ్రంలో ఉన్నది కూడా సమయోజనీయ బంధమే. అక్కడ విడి అణువులు లేక రాయి అంతటా అవే బంధాలు అల్లుకుని ఉండడం వల్ల అది అంత కఠినమైనది.

విద్యుత్తు విషయంలోనూ భేదం ఉంది. పొడి ఉప్పులో అయాన్లు కదలలేవు కనుక విద్యుత్తు ప్రవహించదు. నీటిలో కరిగినా, వేడికి ద్రవమైనా అవి స్వేచ్ఛగా కదులుతాయి కనుక ప్రవహిస్తుంది. చక్కెర నీటిలో కరిగినా అణువులుగానే ఉంటుంది, దానికి మోసుకుపోవడానికి ఆవేశం లేదు. మూడు టార్చి బ్యాటరీలు, ఒక చిన్న ఎర్రని ఎల్‌ఇడి దీపం, వాహనాల బ్యాటరీలలో పోసే స్వేదన జలం ఉంటే ఈ తేడాను ఇంట్లోనే చూపవచ్చు. ఉప్పు వేసిన నీటిలో దీపం వెలుగుతుంది, చక్కెర వేసిన నీటిలో వెలగదు. ఈ ప్రయోగానికి ఇంటి కరెంటును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు.

నడుమ గోడ లేదు

పట్టిక ఇంతవరకే చెబుతుంది. లూయిస్ ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఆయన గొప్పతనం ఇక్కడే ఉంది.

పంచుకున్న ఎలక్ట్రాన్ల జంట ఇద్దరి నడుమ సరిగ్గా మధ్యనే ఉండాలన్న నియమం లేదని ఆయన అన్నారు. రెండు క్లోరిన్ పరమాణువులు కలిసినప్పుడు ఇద్దరూ సమాన బలులు కనుక జంట నట్టనడుమ ఉంటుంది. హైడ్రోజన్, క్లోరిన్‌తో కలిసినప్పుడు జంట క్లోరిన్ వైపు కొంత జరుగుతుంది. సోడియం, క్లోరిన్‌తో కలిసినప్పుడు దాదాపు పూర్తిగా క్లోరిన్ వద్దకే చేరుతుంది. అంటే ఇవ్వడం, పంచుకోవడం అనేవి వేర్వేరు జాతులు కావు. ఒకే దారికి రెండు కొసలు.

షోలాపూర్ నుండి అక్కల్‌కోట మీదుగా కర్ణాటక వైపు వెళ్లే సరిహద్దు వాసులకు ఈ మాట వివరించనక్కరలేదు. పటంలో రాష్ట్రాల నడుమ గీత ఉంది. కాని మరాఠీ ఫలానా చోట ముగిసింది, కన్నడం ఫలానా చోట మొదలైంది అని నేల మీద చూపగలిగినవారు లేరు. ఒక ఊరిలో ఒక భాష మాట ఎక్కువ, తరువాతి ఊరిలో కొంత తక్కువ, ఆ పై ఊరిలో ఇంకా తక్కువ. అయినా రెండు భాషలూ నిజమే, వాటి మధ్య తేడా కూడా నిజమే. రసాయన బంధాలూ అంతే.

ఈ భావానికి అంకెల రూపం ఇచ్చినవారు లైనస్ పౌలింగ్. ఎలక్ట్రాన్ జంటను తన వైపు లాక్కునే శక్తికి ఆయన 1932లో కొలమానం ఏర్పరచారు. దానినే రుణవిద్యుదాత్మకత అంటారు. నేటి లెక్క ప్రకారం సోడియం విలువ 0.93, హైడ్రోజన్ విలువ 2.20, క్లోరిన్ విలువ 3.16. సోడియానికి, క్లోరిన్‌కు మధ్య తేడా 2.23. హైడ్రోజన్‌కు, క్లోరిన్‌కు మధ్య తేడా 0.96. క్లోరిన్‌కు, క్లోరిన్‌కు మధ్య తేడా సున్న. తేడా 1.7 దాటితే అయానికం అని పాఠ్యపుస్తకాలు చెప్పేది గుర్తుంచుకోవడానికి వీలైన ఒక మైలురాయి మాత్రమే. ఆ రాయి దాటగానే లోకం మారిపోదు. పౌలింగ్ 1939లో వెలువరించిన రసాయన బంధ స్వభావం అనే సుప్రసిద్ధ గ్రంథాన్ని లూయిస్‌కే అంకితం ఇచ్చారు.

పైగా ఒకే పదార్థంలో రెండు బంధాలూ కలిసి ఉండవచ్చు. బట్టలుతికే చాకలి సోడాలో సోడియానికి, కార్బనేట్‌కు నడుమ ఉన్నది అయానిక బంధం. ఆ కార్బనేట్ లోపల కార్బన్‌కు, ఆక్సిజన్‌కు నడుమ ఉన్నది సమయోజనీయ బంధం. ఒకే ఇంట్లో వాకిట ఒక భాష, వంటింట ఒక భాష వినబడే సంసారాలకు ఇది వింత కాదు.

పేరు పంచుకోవడంలో వచ్చిన చిక్కు

1916 వ్యాసం వెలువడిన కొద్దికాలానికే అమెరికా ప్రపంచయుద్ధంలో దిగింది. లూయిస్ సైన్యంలో మేజర్‌గా 1918లో ఫ్రాన్స్ వెళ్లి, విషవాయువుల దాడి నుండి సైనికులు తమను కాపాడుకునే విధానంలో శిక్షణ ఏర్పాట్లు చూశారు. ఆ సేవకు రెండు దేశాల ప్రభుత్వాలూ ఆయనను గౌరవించాయి.

ఈలోగా ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అనే మరొక ప్రతిభావంతుడు లూయిస్ సిద్ధాంతాన్ని చేపట్టి, 1919 నుండి వ్యాసాల ద్వారా, ఉపన్యాసాల ద్వారా విస్తృతంగా ప్రచారం చేశారు. సమయోజనీయత అన్న అర్థం వచ్చే ఆంగ్లపదం ఆయన పెట్టినదే. లాంగ్‌మ్యూర్ గొప్ప వక్త. లూయిస్ సభలకు దూరంగా మసలే స్వభావం గలవారు. క్రమంగా ఆ సిద్ధాంతాన్ని జనం ఇద్దరి పేర్లతో, కొందరైతే లాంగ్‌మ్యూర్ ఒక్కడి పేరుతోనే పిలవసాగారు. లూయిస్ మనసు నొచ్చుకుంది. 1923లో ఆయన పరమాణువుల, అణువుల నిర్మాణంపై రాసిన గ్రంథంలో ఈ భావాలు పుట్టిన క్రమాన్ని వివరిస్తూ, 1902 నాటి ఘనాల సంగతిని కూడా లోకానికి తెలియజేశారు. ఎలక్ట్రాన్లను పంచుకోవడం గురించి లోకానికి నేర్పిన మనిషికే పేరు పంచుకోవడం కష్టమైంది. ఆయనను తప్పుపట్టలేము. పంపకం సమంగా లేనప్పుడు కష్టం ఎవరికైనా కలుగుతుంది.

ఆ 1923లోనే శిష్యుడు మెర్ల్ రాండల్‌తో కలిసి ఉష్ణగతిక శాస్త్రంపై రాసిన మహాగ్రంథం వెలువడింది. ఆమ్లాలకు, క్షారాలకు ఎలక్ట్రాన్ జంట ఆధారంగా కొత్త నిర్వచనం ఇచ్చిందీ ఆ సంవత్సరమే. ఎలక్ట్రాన్ జంటను స్వీకరించేది ఆమ్లం, ఇచ్చేది క్షారం. నేటికీ వాటిని లూయిస్ ఆమ్లం, లూయిస్ క్షారం అంటారు. కాంతికణానికి ఫోటాన్ అన్న పేరును 1926లో ఆయనే ప్రచారంలోకి తెచ్చారు. 1933లో భారజలాన్ని శుద్ధంగా వేరుచేశారు.

ఇంత చేసినా నోబెల్ బహుమతి ఆయనకు రాలేదు. ఆయన పేరు దాదాపు నలభై సార్లు ప్రతిపాదనకు వచ్చింది. లాంగ్‌మ్యూర్‌కు 1932లో వచ్చింది, అయితే అది ఉపరితల రసాయన శాస్త్రంలో కృషికి. భారహైడ్రోజన్‌ను కనుగొన్నందుకు లూయిస్ శిష్యుడే అయిన హెరాల్డ్ యూరేకు 1934లో వచ్చింది. జర్మనీలో తాను కొంతకాలం గడిపిన నెర్న్‌స్ట్ పరిశోధనలలోని దోషాలను లూయిస్ బాహాటంగా ఎత్తిచూపడం, దాని వల్ల పెరిగిన వైరం ఆయనకు నష్టం కలిగించాయని చరిత్రకారులలో కొందరి అభిప్రాయం. 1934లో లూయిస్ అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యత్వానికి కూడా రాజీనామా చేశారు.

కాని బర్కిలీలో ఆయన పెంచిన విద్యాలయాన్ని చూసినవారు ఆ లోటును వేరుగా లెక్కిస్తారు. వారానికొకసారి జరిగే పరిశోధన గోష్ఠిలో విద్యార్థి, ఆచార్యుడు అన్న భేదం లేకుండా ఎవరు ఎవరినైనా ప్రశ్నించవచ్చు. ఆ వాతావరణంలో చదివినవారిలో, పనిచేసినవారిలో యూరే 1934లో, విలియం జియాక్ 1949లో, గ్లెన్ సీబోర్గ్ 1951లో, విల్లర్డ్ లిబ్బీ 1960లో, మెల్విన్ కాల్విన్ 1961లో నోబెల్ అందుకున్నారు. గురువుకు దక్కని బహుమతి శిష్యుల ఇళ్లకు నడిచివెళ్లింది.

చివరి ప్రయోగం

1946 మార్చి 23న, డెబ్బై ఏళ్ల వయసులో, లూయిస్ బర్కిలీలోని తన ప్రయోగశాలలో ద్రవ హైడ్రోజన్ సయనైడ్‌తో ప్రయోగం చేస్తున్నారు. కొంతసేపటికి ఆయన బల్ల కింద నిర్జీవంగా పడి ఉండడం కనిపించింది. ప్రయోగశాలలో ఆ విషవాయువు వ్యాపించి ఉంది. వైద్యాధికారులు గుండెజబ్బును కారణంగా నిర్ణయించారు. అది ప్రమాదమని కొందరు, ఆయన మనసులోని నిరాశను గుర్తు చేస్తూ మరికొందరు తరువాతి కాలంలో రకరకాలుగా రాశారు. రుజువు లేని మాటలతో ఒక మనిషి చివరి గడియను కొలవడం ధర్మం కాదు. చివరి క్షణం వరకూ ఆయన ప్రయోగబల్లను విడువలేదన్నది మాత్రం సత్యం.

ఆ పదార్థం ఆయన పాఠానికే ఒక ఉదాహరణ కావడం గమనించదగినది. హైడ్రోజన్ సయనైడ్‌లో పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని ఉంటాయి. విడివిడి అణువులు కనుక 26 డిగ్రీల వేడికే మరిగి ఆవిరవుతుంది. సోడియం సయనైడ్ అంతే విషపూరితమైనా అయానిక లవణం కనుక పొడిగా పడి ఉంటుంది. బంధంలోని తేడా పరీక్షలో నాలుగు మార్కుల విషయమే కాదని, ప్రయోగశాలలో ప్రాణానికి సంబంధించిన విషయమని దీనివల్ల తెలుస్తుంది.

అద్దకపు తొట్టిలో లూయిస్ పాఠం

లూయిస్ మరణించిన ఎనిమిదేళ్లకు, 1954లో, ఇంగ్లండులో ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ సంస్థకు చెందిన రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు రసాయనజ్ఞులు నూలుతో నేరుగా సమయోజనీయ బంధం ఏర్పరచుకునే రంగులను కనుగొన్నారు. 1956లో అవి ప్రోసియన్ అన్న పేరుతో బజారుకు వచ్చాయి. వాటినే రియాక్టివ్ రంగులు అంటారు. దుప్పట్లకు, తువ్వాళ్లకు పేరుపొందిన షోలాపూర్‌లో నేతపని, అద్దకం పని తెలిసిన పద్మశాలి కుటుంబాలకు ఆ మాట కొత్త కాదు.

ఆ తొట్టిలో జరిగేది చూడండి. నీటిలో తడిసిన నూలు మీద కొద్దిపాటి రుణావేశం ఉంటుంది. రంగు అణువుల మీద కూడా రుణావేశమే ఉంటుంది. కనుక రెండూ ఒకదానినొకటి దూరం నెట్టుకుంటాయి. అప్పుడు అద్దకందారు ఉప్పు వేస్తాడు. ఉప్పు కరిగి విడుదలైన సోడియం అయాన్లు నడుమ చేరి ఆ వైరాన్ని తగ్గిస్తాయి. రంగు నూలును చేరుతుంది. పిమ్మట సోడా వేస్తాడు. నీరు క్షారగుణం పొందగానే రంగు అణువుకు, నూలు అణువుకు నడుమ ఎలక్ట్రాన్ జంట ఉమ్మడి అవుతుంది. ఇక రంగు నూలులో భాగమే. ఉప్పు మాత్రం పెళ్లి కుదిర్చిన పెద్దమనిషిలా పని ముగియగానే నీటితోపాటు కాలువలో వెళ్లిపోతుంది. బంధం కుదరని రంగును తొలగించడానికే చివరన వేడి సబ్బునీటిలో ఉతుకుతారు. ఆ ఉతుకు సరిగా లేని బట్ట ఇంటికి వచ్చాక రంగు వదులుతుంది.

పట్టు సంగతి వేరు. పట్టుకు వేసే ఆమ్ల రంగులు చాలావరకు వ్యతిరేక ఆవేశాల ఆకర్షణతోనే, అంటే అయానిక బంధంతోనే నిలుస్తాయి. సోడా కలిసిన వేడి నీటిలో ఆ ఆకర్షణ సడలుతుంది. పట్టుచీరను చాకలి సోడాతో ఉతకరాదని మన అమ్మమ్మలు చెప్పే మాటలో ఈ రసాయన సూత్రం దాగి ఉంది. ఒక రంగు ఆకర్షణతో నిలిచింది, మరొకటి పంచుకుని నిలిచింది. తొట్టి పక్కన నిలుచున్న కార్మికుడికి ఈ తేడా పుస్తకం చదవకపోయినా చేతికి తెలుసు.

ఈ మాట విడీ ఘర్కుల్ పిల్లలకు చెప్పవలసి ఉంది. పరీక్షలో పట్టిక రాయాలి, నడుమ నిలువు గీత కూడా గీయాలి. మార్కులు దానికే. రాసిన తరువాత ఒక్క నిమిషం ఆ గీతను చూసి, దాన్ని దాటి ఆలోచించిన మనిషిని తలచుకోవాలి. ఆయన మొదటి బొమ్మ బహుమతి కోసం గీసినది కాదు, తన తరగతిలోని పిల్లలకు పాఠం తెలియాలని గీసినది. పద్నాలుగేళ్లు తనకు తెలియని చోట తెలియదని ఒప్పుకుని ఆగినవాడు, తెలిసిన రోజున రెండు చుక్కలతో చెప్పాడు. ఇంట్లో అమ్మ వేలి సందున బీడీ, నాన్న చేతికి అంటిన రంగు, చేటలోని ఆకు, చెంబులోని నీరు అన్నీ ఆ రెండు చుక్కల మీదనే నిలిచి ఉన్నాయి.